ప్లెయిన్ టైగర్ కాని ప్లెయిన్ టైగర్

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేల మీద పరుచుకున్న గంగవాయిలి కూర, దాని మీద వాలిన నారింజ రంగు సీతాకోకచిలుక. పొట్ట చివర వంచి ఆకుకు ఆనించింది. సరిగ్గా గుడ్డు పెడుతున్న క్షణం. తీసిన రోజు నా ఆనందానికి హద్దులేదు. "ప్లెయిన్ టైగర్, ఆడది, గుడ్డు పెడుతూ" అని రాసుకుని, ఆదివారాలు మమ్మల్ని వెంటబెట్టుకుని తిరిగే సైన్సు మాష్టారికి చూపించాను.

ఆయన ఫోన్ దగ్గరగా పట్టుకుని కాసేపు చూశారు.

"ఇదేం మొక్కమ్మా?"

"గంగవాయిలి, మాష్టారూ."

"ప్లెయిన్ టైగర్ గుడ్లు ఎక్కడ పెడుతుంది?"

"జిల్లేడు మీద."

"మరి ఇది జిల్లేడు వదిలేసి ఇక్కడికెందుకు వచ్చింది?"

నాకు జవాబు తోచలేదు. ఆయన ఫోటోను పెద్దది చేసి వెనుక రెక్క మధ్య భాగం చూపించారు. "ఇక్కడ నల్ల చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు." మధ్యలో ఒక్కటి కూడా లేదు. రెక్క ముందు అంచు దగ్గర మాత్రం ఒక నల్ల మచ్చ ఉంది. ప్లెయిన్ టైగర్‌కైతే వెనుక రెక్క మధ్యలో ఆడదానికి మూడు, మగదానికి నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. నేను ఫోటో తీసింది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదాన్ని. ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని తిరిగే వేరే జాతి అది.

ఆ రాత్రి నా పాత ఫోటోలన్నీ తెరిచాను. అప్పటికి ఏడాదిగా తీస్తున్నాను. ప్లెయిన్ టైగర్ అని పేరు పెట్టిన ఫోటోలు 61 ఉన్నాయి. ఒక్కొక్కటే పెద్దది చేసి చుక్కలు లెక్కపెట్టాను. నాలుగు ఫోటోల్లో చుక్కలు లేవు. ఐదు ఫోటోల్లో వెనుక రెక్క ముందు రెక్క చాటున ఉండిపోయింది, చుక్కలు ఉన్నాయో లేవో ఎప్పటికీ తేలదు. మొదటి నాలుగింటి కంటే ఆ ఐదే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. తప్పు పేరును దిద్దుకోవచ్చు. చూడాల్సిన చోటు చూడకుండా తీసిన ఫోటోను మళ్లీ తీయలేం.

సీతాకోకచిలుకల్ని పోల్చుకోవడం అంటే ఏమిటో నాకు నిజంగా మొదలైంది ఆ రాత్రే. తర్వాతి రెండేళ్లలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పోగొట్టుకున్న ఏడాది మిగులుతుందని ఆశ.

ముందు ఈ వేషాల సంగతి చెప్పాలి. అది అర్థమయ్యాకే ఎక్కడ చూడాలో నాకు అర్థమైంది. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు కుటుంబపు మొక్కల ఆకులు తింటుంది. ఆ పాలలోని విషం పురుగు ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా అలాగే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి ఆ నారింజ, నలుపు, తెలుపుల కలయికను గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టుకోదు. 1960లలో అమెరికా శాస్త్రవేత్త లింకన్ బ్రోవర్, ప్లెయిన్ టైగర్‌కు దగ్గరి చుట్టమైన మోనార్క్‌ను బ్లూ జే పక్షులకు తినిపించి చూశారు. తిన్న పక్షి కక్కేసింది, ఆ తర్వాత మోనార్క్ జోలికి వెళ్లలేదు. ఒంట్లో విషం లేని జాతి కూడా అదే రంగులు తొడుక్కుంటే పక్షి దాన్నీ వదిలేస్తుంది. అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు తిరిగిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో ఈ సంగతి వివరించారు. అందుకే దీన్ని బేట్సియన్ మిమిక్రీ అంటారు.

అంటే ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. పక్షి కంటిని మోసం చేయడానికి లక్షల ఏళ్లుగా సానపట్టిన పోలిక అది. కాబట్టి పక్షి ఏం చూస్తుందో దాన్నే మనమూ చూస్తే మోసపోవడం ఖాయం. రంగు, పెద్ద పెద్ద పట్టీలు, ఎగిరే తీరు, ఇవన్నీ పక్షి చూసేవి. దానికి పట్టనివి మనం చూడాలి. కాళ్లు ఎన్ని, పొట్ట ఏ రంగు, రెక్క ఈనెల మధ్య ఏ గదిలో ఎన్ని చుక్కలు, ఏ మొక్క చుట్టూ తిరుగుతోంది.

మాష్టారు మా అందరికీ ఒక షరతు పెట్టారు. ఏదైనా పేరు చెప్పేముందు, అది ఇంకేమై ఉండొచ్చో కనీసం ఒక పేరు చెప్పాలి. "బ్లూ టైగర్" అంటే సరిపోదు. "బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్ కావచ్చు గానీ పట్టీలు వెడల్పుగా, లేతగా ఉన్నాయి కాబట్టి బ్లూ టైగర్" అనాలి. మొదట్లో ఇది చాలా నెమ్మదిగా సాగే పని. గంటలో పది పేర్లు చెప్పేదాన్ని మూడింటికి వచ్చాను. కానీ ఆ మూడూ గట్టివి.

రెండో పాఠం కరివేపాకు చెట్టు దగ్గర నేర్చుకున్నాను. కామన్ మార్మన్ గుడ్లు నిమ్మ, కరివేపాకు మీద పెడుతుంది. మగది నల్లగా, వెనుక రెక్కల మీద అడ్డంగా తెల్లటి మచ్చల వరుసతో సులభంగా గుర్తుపట్టేలా ఉంటుంది. ఆడవాటిలోనే మూడు రకాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది. రెండోది కామన్ రోజ్‌ను, మూడోది క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తుంది. ఈ రోజ్‌లు రెండూ ఈశ్వరి, గాడిదగడప లాంటి మొక్కల మీద పెరిగి ఒంట్లో విషం నింపుకున్నవి. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లో చెప్పేదాకా ఈ ఆడవన్నీ ఒకే జాతివని ఎవరికీ స్పష్టంగా తెలియదట. 2014లో శాస్త్రవేత్తలు ఈ వేషాల తాళంచెవి డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు దగ్గర ఉందని చూపించారు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి మూడు రకాల కూతుళ్లు రావచ్చన్న మాట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ రోజు కరివేపాకు చుట్టూ తిరుగుతున్నదాన్ని చూసి "కామన్ రోజ్" అన్నాను. వెనుక రెక్క మధ్యలో తెల్ల మచ్చ, అంచున ఎర్రటి చుక్కలు, తోకలు, అన్నీ సరిపోయాయి. మాష్టారి షరతు గుర్తొచ్చి "మార్మన్ కూడా కావచ్చు" అని కలిపాను గానీ తేడా ఎలా చెప్పాలో తెలియలేదు.

"రెక్కలు వదిలెయ్, ఒళ్లు చూడు" అన్నారు ఆయన.

రోజ్‌ల పొట్ట ఎర్రగా ఉంటుంది. తల దగ్గర కూడా ఎరుపు కనిపిస్తుంది. మార్మన్ ఒళ్లు పూర్తిగా నలుపు. రెక్కల మీద ఎంత ఎరుపు పూసుకున్నా ఒంటికి ఆ ఎరుపు రాలేదు. కరివేపాకు మీద తిరుగుతున్నదాని ఒళ్లు నల్లగా ఉంది. మూడు నిమిషాల తర్వాత అది లేత చిగురు మీద గుడ్డు పెట్టింది, ఇక అనుమానమే లేదు. ఈ ఒక్క గుర్తుతో నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఎగురుతున్నప్పుడు కూడా పనికొచ్చే గుర్తులు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

కాళ్ల సంగతి మాత్రం నాకు నేనే కనుక్కున్నాను. కనుక్కున్నాను అంటే, పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ నా కంటికి తగిలాకే నాకు తెలిసింది. కామన్ క్రో అనే సీతాకోకచిలుక లాంటిది ఒకటి తడి మట్టి మీద వాలి నీళ్లు పీలుస్తోంది. పక్కనుంచి ఫోటో తీసి ఇంటికొచ్చి చూస్తే ఆరు కాళ్లు కనిపించాయి. క్రోలు, టైగర్లు, ఎగ్‌ఫ్లైలు నిమ్ఫాలిడే కుటుంబం. వీటి ముందు కాళ్ల జత చిన్నగా ముడుచుకుని రొమ్ముకు అంటుకుని ఉంటుంది, నిలబడేది నాలుగు కాళ్ల మీదే. ఆరు కాళ్ల మీద నిలబడిందంటే అది క్రో కాదు. తర్వాత వెనుక రెక్క కింది వైపు చూశాను. అంచు పొడవునా పసుపు చుక్కల వరుస. అది కామన్ మైమ్. మార్మన్లు, రోజ్‌ల కుటుంబమైన స్వాలోటెయిల్స్‌కు చెందినది. ఇందులో ఒక రూపం క్రోలా, ఇంకో రూపం బ్లూ టైగర్‌లా ఉంటాయి. ఆ రోజు నుంచి ఏది వాలినా నా చూపు ముందు కాళ్ల మీదికి పోతుంది. అయితే ఎగ్‌ఫ్లైల దగ్గర ఈ గుర్తు పనికిరాదు. అవీ నాలుగు కాళ్లవే. అక్కడ మళ్లీ చుక్కల లెక్కకే రావాలి.

క్రోలలో క్రోలను విడదీయడం ఇంకో తలనొప్పి. డబుల్ బ్రాండెడ్ క్రో మగదానికి ముందు రెక్క పైవైపు రెండు గీతల్లాంటి గుర్తులు ఉంటాయి, కామన్ క్రో మగదానికి ఒకటే పొట్టి గుర్తు. ఇంతవరకు సులభం. కానీ క్రోలు వాలగానే రెక్కలు మూసేస్తాయి. ఆ గుర్తు కనిపించాలంటే పొద్దున్నే ఎండ కాచుకోవడానికి రెక్కలు విప్పినప్పుడు పట్టుకోవాలి, లేదా ఎగిరే క్షణంలో వరుసగా ఫోటోలు తీసి ఒక్కటైనా దక్కుతుందేమో చూడాలి. కాయలు ఎండి గలగలమనే గిలిగిచ్చ మొక్కలు దొరికితే అదృష్టమే. క్రోల, టైగర్ల మగవి తమ వాసన తయారీకి కావలసిన రసాయనాల కోసం ఆ మొక్కల ఎండు భాగాలు పీలుస్తూ గంటలకొద్దీ అక్కడే ఉంటాయి. వానలకు ముందో తర్వాతో ఇవి గుంపులుగా వలసపోయే రోజుల్లో ఒకే పొద మీద నాలుగైదు జాతులు పక్కపక్కనే కూర్చుంటాయి. బ్లూ టైగర్‌కు, డార్క్ బ్లూ టైగర్‌కు తేడా నాకు పుస్తకంలో కంటే అలాంటి పొద దగ్గర పది నిమిషాల్లో బాగా తెలిసింది. రెండూ పక్కపక్కన ఉంటే లేతది ఏదో, సన్న పట్టీలతో ముదురుగా ఉన్నది ఏదో చిన్నపిల్లలైనా చెబుతారు. ఒంటరిగా కనిపిస్తేనే సందేహం. అందుకే కొత్తవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే. పోలికలున్న రెండు జాతులూ కలిసి కనిపించే చోటు వెతుక్కుని అక్కడే ఒక పూట కూర్చోండి.

ఇక పసుపువి. గ్రాస్ ఎల్లోలంత చిన్నగా, మామూలుగా కనిపించి, నన్ను ఇన్ని నెలలు తిప్పినవి ఇంకేవీ లేవు. దారి పక్క గడ్డి నిండా ఉంటాయి కాబట్టి అన్నింటికీ "కామన్ గ్రాస్ ఎల్లో" అని రాసేసేదాన్ని. కామన్, త్రీ స్పాట్, స్మాల్, స్పాట్‌లెస్, ఇన్ని ఉన్నాయని తెలిశాక నా పాత జాబితాలోని పసుపు వరుసలన్నీ కొట్టేశాను.

వీటిని చూడాల్సింది ముందు రెక్క కింది వైపు, సెల్ అనే గదిలో. రెక్క మొదలు నుంచి మధ్యదాకా ఈనెల మధ్య మూసుకుపోయిన పొడవాటి గదిని సెల్ అంటారు. కామన్ గ్రాస్ ఎల్లోకు ఆ గదిలో రెండు చిన్న గోధుమరంగు గుర్తులు, త్రీ స్పాట్‌కు మూడు ఉంటాయి. నేను చాలాకాలం చేసిన తప్పేమిటంటే, గది చివర గోడ మీద ఉండే గుర్తును కూడా కలిపి లెక్కపెట్టడం. అలా లెక్కపెడితే ప్రతి కామనూ త్రీ స్పాట్ అయిపోతుంది. గోడ మీది గుర్తును వదిలేసి, గది లోపలున్నవే లెక్కపెట్టాలి. అయినా గుర్తులు కొన్నింటిలో మసకబారి ఉంటాయి, కాబట్టి రెండో సాక్ష్యం కావాలి. అది పైవైపు నల్ల అంచు. కామన్ గ్రాస్ ఎల్లోకు ముందు రెక్క నల్ల అంచు లోపలి గీత ఒకచోట బయటికి బాగా తొలిచినట్టు ఉంటుంది. స్మాల్ గ్రాస్ ఎల్లోకు ఆ తొలిచిన గాడి ఉండదు, అంచు నునుపుగా సాగుతుంది.

చిక్కేమిటంటే గ్రాస్ ఎల్లోలు వాలాక రెక్కలు విప్పవు. పైవైపు చూసేదెలా? ఒక సాయంత్రం అనుకోకుండా దారి దొరికింది. సూర్యుడు దాని వెనక ఉండేలా కూర్చున్నాను, రెక్క పలచటి కాగితంలా వెలిగి అవతలి వైపు నల్ల అంచు మొత్తం కనిపించింది, గాడితో సహా. అప్పటిదాకా వెలుతురు నా వీపు వెనక ఉండాలనుకుని ప్రతిసారీ చుట్టూ తిరిగి అటువైపు వెళ్లేదాన్ని. ఇప్పుడు పసుపు వాటికి రెండు ఫోటోలు తీస్తాను. ఒకటి ఎండ నా వైపు నుంచి పడేలా, సెల్ గుర్తుల కోసం. ఇంకొకటి ఎండకు ఎదురుగా, అంచు కోసం.

నీలివి చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోక తప్పదు. గ్రాస్ బ్లూలు నాలుగూ, పేల్, డార్క్, లెస్సర్, టైనీ, గడ్డికి జానెడు ఎత్తులో ఎగురుతాయి. టైనీ గ్రాస్ బ్లూ రెక్కలు చాచినా రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఎగురుతున్నప్పుడు నీలంగా కనిపించి, వాలగానే బూడిద రంగు కింది వైపు చూపిస్తాయి. ఆ బూడిద మీది చుక్కలే ఆధారం. పేల్, డార్క్ రెండింటికీ ముందు రెక్క సెల్ లోపల ఒక చుక్క ఉంటుంది. లెస్సర్‌కు ఆ చుక్క ఉండదు. టైనీకి రెక్క ముందు అంచు మధ్యన ఒక చుక్క. ఈ మూడు వాక్యాలు ఇక్కడ రాయడానికి నిమిషం పట్టింది. గడ్డిలో వాటిని కళ్లతో పోల్చుకోవడానికి నాకు ఒక వర్షాకాలం మొత్తం పట్టింది. పేల్‌కూ డార్క్‌కూ తేడా చెప్పడానికి మగదాని పైవైపు చూడగలిగితే మంచిది. పేల్‌ది వెండి కలిసినట్టున్న లేత నీలం, డార్క్‌ది ఊదా కలిసిన ముదురు నీలం. ఫోన్ కెమెరాలు ఈ నీలాన్ని ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి రంగు సంగతి ఫోటోను నమ్మకుండా అక్కడే చూసి నోటుబుక్‌లో రాసుకుంటాను.

ఈ నోటుబుక్ అలవాటు కూడా దెబ్బ తిన్నాకే వచ్చింది. తేదీ, సమయం, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది, ఎండా మబ్బా, ఒళ్లు ఏ రంగు, ఎన్ని కాళ్లు. ఫోటోల్లో కూడా ఒక వరుస పెట్టుకున్నాను. దూరం నుంచే ముందు ఒక రికార్డ్ షాట్. తర్వాత రెండడుగులకొకటి తీసుకుంటూ దగ్గరికి వెళ్లడం. నా నీడ దాని మీద పడకుండా, కెమెరా రెక్కకు సమాంతరంగా పట్టుకుని మూసిన రెక్క పక్కనుంచి ఒకటి, విప్పితే పైనుంచి ఒకటి, చివరికి కాళ్లూ మీసాలూ కనిపించేలా ఒకటి. అందమైన ఫోటో ఆ తర్వాతే. పట్టుకోవడం, వలతో కొట్టడం మేం చేయం. వేలితో తాకితే చాలు రెక్క మీది పొలుసులు రాలిపోతాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని జాతులకు రక్షణ కూడా ఉంది.

మీసాల మాట వచ్చింది కాబట్టి ఎమిగ్రెంట్లు అనే సీతాకోకచిలుకల గురించి ఒక్క మాట. కామన్ ఎమిగ్రెంట్‌లో ఒక రూపానికి మీసాలు ఎర్రగా, కింది వైపు ఎర్ర అంచున్న వెండి చుక్కలతో ఉంటుంది. ఇంకో రూపానికి మీసాలు నలుపు, ఆ చుక్కలు ఉండవు. నేను చాలా రోజులు వీటిని రెండు జాతులుగా రాసుకున్నాను. అంటే తప్పు రెండువైపులా జరుగుతుంది. వేరు జాతుల్ని ఒకటిగా రాయడమే కాదు, ఒకే జాతిని రెండుగా చీల్చడం కూడా. నిజంగా వేరైన మాటిల్డ్ ఎమిగ్రెంట్‌కు కింది వైపు అంతా సన్నటి గోధుమ నలుసులు చల్లినట్టు ఉంటుంది. అవి కనిపిస్తే పేరు రాసేయొచ్చు.

ఒకే జాతిని చీల్చడం అన్నిటికంటే ఎక్కువ జరిగింది బుష్‌బ్రౌన్ల దగ్గర. వానల్లో వెదురు కింద నీడలో చూసిన బుష్‌బ్రౌన్ల రెక్కల కింద కళ్లలాంటి వలయాలు వరుసగా, స్పష్టంగా ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో అదే చోటికి వెళ్తే వలయాలు లేని, ఎండుటాకు రంగువి కనిపించాయి. కొత్త జాతి దొరికిందని సంబరపడ్డాను. అవి అవే. వాన రుతువులో పుట్టినవి ఒక రూపం, ఎండు రుతువులో పుట్టినవి ఇంకో రూపం. గొంగళిపురుగు పెరిగే రోజుల్లో ఉన్న ఉష్ణోగ్రతే చాలావరకు దీన్ని నిర్ణయిస్తుంది. పచ్చటి గడ్డిలో చురుగ్గా తిరిగే రోజుల్లో వలయాలు పక్షి దెబ్బను ఒంటి మీద పడకుండా రెక్క అంచుకు మళ్లిస్తాయి. రాలిన ఆకుల్లో కదలకుండా కూర్చోవాల్సిన రోజుల్లో ఆకులా ఉండటమే మేలు. కామన్ ఈవినింగ్ బ్రౌన్ ఎండు రూపాలైతే ఒకదానిలా ఇంకొకటి ఉండదు. పదిహేను ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను, పదిహేనూ పదిహేను రకాల ఎండుటాకులు. కాబట్టి నెల తెలియకుండా వీటి ఫోటో ఎవరైనా చూపిస్తే ముందు తేదీ అడుగుతాను.

వలయాలు లేని బుష్‌బ్రౌన్‌ను కామన్ అనాలా, డార్క్ బ్రాండెడ్ అనాలా అంటే చాలాసార్లు నేను చెప్పలేను. మగదాని రెక్క లోపలి గుర్తు చూడాలి, అది మూసిన రెక్కలో కనిపించదు. ఇలాంటప్పుడు నోటుబుక్‌లో బుష్‌బ్రౌన్ల ప్రజాతి పేరు మాత్రం వేసి "మైకాలెసిస్, జాతి తేలలేదు" అని రాసి వదిలేస్తాను. మొదట్లో అలా రాయడానికి మనసు ఒప్పేది కాదు, ఏదో ఒక పేరు పెట్టకపోతే నడక వృథా అయినట్టు అనిపించేది. ఒకసారి నా జాబితా చూసి మాష్టారు "ఇందులో జాతి తేలనివి ఒక్కటి కూడా లేవేంటమ్మా?" అని అడిగారు. మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన నిజంగా ఆందోళనతో అడుగుతున్నారని ముఖం చూశాక అర్థమైంది. ఇప్పుడు స్విఫ్ట్‌లు అనే గోధుమరంగు సీతాకోకచిలుకలు కనిపిస్తే వెనుక రెక్క కింద సెల్‌లో చుక్క ఉందో లేదో చూస్తాను. ఉంటే పెలోపిడాస్ అనే ప్రజాతి వైపు, లేకపోతే రైస్ స్విఫ్ట్ వైపు అనుమానం. అంతవరకే. కొన్ని స్విఫ్ట్‌లను ప్రయోగశాలలో జననాంగాలు పరీక్షించకుండా నిపుణులు కూడా తేల్చరు. రెక్కలు చిరిగి, పొలుసులు రాలి వెలిసిపోయిన ముసలివాటికి కూడా పేరు పెట్టను.

ఇక ఆ గంగవాయిలి దగ్గరికి వస్తాను. ఫోటో తీసిన మొక్క గోడ పక్కన అలాగే ఉంది. మరుసటి ఏడాది వానలు పడ్డాక అది మళ్లీ చిగురించింది. రోజూ అటు వెళ్లినప్పుడు వంగి చూసేదాన్ని. ఒకరోజు ఆకు కింద వేలి కణుపంత నల్లటి గొంగళిపురుగు కనిపించింది. ఒళ్లంతా కొమ్మలుగా చీలిన ముళ్లు. ప్లెయిన్ టైగర్ పురుగు నున్నగా, నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల మెత్తటి కొమ్ములతో ఉంటుంది. రెక్కలొచ్చాక అంతలా పోలిన ఈ రెండూ పురుగులుగా ఉన్నప్పుడు ఏమాత్రం పోలవు. ఆకు మీద పురుగును చూసిన ఎవరికైనా తల్లి ఎవరో వెంటనే తెలిసిపోతుంది.

ఆరు రోజులు ఆకులు తింది. ఏడో రోజు కనిపించలేదు. చీమలో, పక్షో అనుకుని చాలా దిగులుపడ్డాను. మర్నాడు పొద్దున మూడడుగుల అవతల ఇటుక అంచు కింద తలకిందులుగా వేలాడుతూ ప్యూపా కనిపించింది. అక్కడినుంచి రోజూ పొద్దున్నే వెళ్లి చూశాను. ముట్టుకోలేదు, ఇటుక కూడా కదపలేదు. నా మనసులో మాత్రం నారింజ రెక్కలే ఉన్నాయి. వెనుక రెక్క మీద చుక్కలు లేని ఆ నారింజను పుట్టిన గంటలో ఫోటో తీయాలని ఆశ.

తొమ్మిదో రోజు నేను వెళ్లేసరికి ప్యూపా చీలిపోయి ఉంది. ఖాళీ తొడుగును పట్టుకుని వేలాడుతూ ఒక నల్లటి సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటోంది. మగది. డనాయిడ్ ఎగ్‌ఫ్లైలో వేషం ఆడవాటికే అని చదివాను, మర్చిపోయాను. ఎండ గోడ దిగి దాని మీదికి వచ్చేసరికి రెక్కలు మెల్లగా విప్పింది. మచ్చలేని నలుపు మీద ఒక్కో వైపు మూడు తెల్లటి మచ్చలు. అది కొంచెం పక్కకు తిరగ్గానే ఆ తెలుపు చుట్టూ ఊదా రంగు ఒక్కసారి వెలిగి ఆరింది. ఇరవై నిమిషాలు అలాగే ఉంది. తర్వాత గోడ దాటి వెళ్లిపోయింది.

నోటుబుక్ తీసి తేదీ, సమయం రాశాను. "డనాయిడ్ ఎగ్‌ఫ్లై, మగది. గంగవాయిలి." ఇంకేమై ఉండొచ్చు అన్న చోట గ్రేట్ ఎగ్‌ఫ్లై మగది అని రాసి, పక్కనే కొట్టేశాను. ఈసారి పుట్టుక దగ్గరే ఉండి చూశాను.